పోస్తున్న బోరు

మర్రిగూడ నుంచి చండూరు దాకా
ఎండిన బోరున్నకాడికల్లా నన్ను పిలుస్తరు.
మోపెడు మీద కేబులు చుట్ట, చెక్కపెట్టెల కెమెరా.
ఎండకు తెర కానరాదని
తలమీద నల్ల దుప్పటి కప్పుకొని
భూమి లోపలికి చూసేటోన్ని.

నూట ఎనభై అడుగులకాడ కేసింగు పగిలిందని,
రెండువందల పదికి యాపవేరు జొచ్చిందని,
ఇగో, మోటరు ఈడ ఇరుక్కున్నదని
దుప్పటి కిందికెల్లే చెప్తుంట.
రైతు మొఖం చూస్తే చెప్పలేను.

మా అన్న ముత్తిలింగం
రెండేండ్లు నెత్తురు పోతుంటే మొలలనుకున్నడు.
దేవరకొండ బస్టాండు ఎనక
గ్యారంటీ మందు బోర్డు కింద మూడుసార్లు పైసలు కట్టిండు.
కోడికూర బందువెట్టిండు, మజ్జిగ తాగిండు,
సిగ్గుకు వదినెకు గూడ చెప్పలే.
పెద్ద దవాఖాన తెరమీద కానొచ్చేనాటికి
గడ్డ కాలేయం దాకా పాకింది.
నలభై ఆరేండ్లు.

దినాలైనంక కాయితాలకు పోతే
డాక్టర్ నుస్రత్ ఫైలు మూసి అడిగింది:
"మీరు సొంత తమ్ముడా? వయసెంత?"
నలభై ఒకటి. నాకేమైంది మేడం, మంచిగనే ఉన్న.
"మంచిగున్నప్పుడే," అన్నది.
ఇంకో మాట అనలే.

ఎనిమిది నెలలు పోలే నేను.
చాయ హోటల్ల ఎవడో అన్నడు,
"నీ కెమెరా నీకే దింపుతరటగద సైదులూ!"
అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.
ఇంటికొచ్చి అన్న ఫోటో దిక్కు చూడలే.

నేను రైతులకు చెప్తుంట:
రెండుదినాలు మోటరు బందువెట్టు,
మడ్డి అడుక్కు దిగని, నీళ్లు తేటగాని,
మురికిల కెమెరాకు ఏం కానరాదు.
నల్లగొండ దవాఖాన్ల నర్సమ్మ
పొడి పాకెట్లు చేతుల వెట్టి గదే మాట చెప్పింది.
ఆ రాత్రి ఉప్పుప్పటి నీళ్లు, గ్లాసు ఎనక గ్లాసు.
అలివేలు బాత్రూం లైటు ఆర్పకుంట గడపల కూసున్నది.
నాలుగ్గొట్టంగ
పసుప్పచ్చగ, తేటగ వచ్చినయి.
ఇద్దరం సంబురపడ్డం.
పెండ్లయిన పదహారేండ్లల
గసొంటిదానికి సంబురపడుడు అదే మొదలు.

ఎడమపక్కకు ఒరగమన్నరు. మోకాళ్లు కడుపులకు.
సూది మందుకు సగం నిద్ర, సగం మెలకువ,
పక్కకే తెర.
గుండ్రంగ, తడిగ, లేతెరుపు మలుపులు,
దారాలసొంటి నరాలు.
"ఎన్ని అడుగులల ఉన్నం?" అని అడిగిన్నట,
నర్సమ్మ తర్వాత చెప్పి నవ్వింది.

కాడమీద పుట్టగొడుగు లెక్క ఒకటుండె.
పాలిప్ అన్నరు. గోరంత.
సన్న తీగెతోని ఉరేసి, బిగించి, కోసి తీసిండ్రు.
ఇన్నేండ్ల సంది నేను చూసి చెప్పుడే గని
లోపటిది లోపట్నే బాగుచేసింది లేదు.

అన్నకు గూడ మొదలు గింతేనా?
ఏ యేడు?
ఏ నాట్లకాడ నవ్వుకుంట ఉన్నప్పుడు?

"వదిలేస్తే పదేండ్లకు క్యాన్సరయ్యేదేమో,
కాకపోయేదేమో," అన్నది డాక్టరమ్మ.
ఆ ఏమోను చిన్న సీసల ఏసి
పరీక్షకు పంపిండ్రు.

పోస్తున్న బోరుకు ఎవ్వడు కెమెరా దింపడు.
ఎండినంకనే నా నెంబరు యాదికొస్తది.
నేను పొయ్యేసరికి చేన్ల పత్తి వాడిపోయి ఉంటది.

చెల్లె పారిజాతకు ఫోన్ చేసిన, కల్వకుర్తికి.
"నాకేం లేదన్నా, మంచిగున్న," అన్నది.
మిషిని కుట్టుకుంటనే మాట్లాడింది.
మంచిగున్నప్పుడే, అన్న.
మిషిని సప్పుడు ఆగింది,
మళ్ల మొదలైంది.

నన్ను మూడేండ్లకు మళ్ల రమ్మన్నరు.
కెమెరా పెట్టె మూత లోపలిదిక్కు
తెల్ల పెయింటుతోని తారీఖు రాసుకున్న.
దాని కింద పారిజాత అని రాసి
తారీఖు జాగ
ఖాళీ ఉంచిన.